స్విచ్చుల యోహాను గారు

కనిపించిన స్విచ్చునల్లా కట్టేయకపోతే యోహాను గారికి అన్నం సహించదు. మెట్ల మీద లైటు, లిఫ్టులో ఫ్యాను, పక్కింటివాళ్ల టీవీ, ఏదైనా సరే, "ఇది ఎవరి కోసం నడుస్తున్నది?" అని అడుగుతారు. జవాబు వచ్చేలోపే టక్కుమని నొక్కేస్తారు.

బాలానగర్‌లో మోటార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఆయన మణికొండలో స్వాతి వాళ్ల పక్క ఫ్లాట్‌లో ఉంటారు. స్వాతి కొత్తగా దిగిన రోజున పలకరించడానికి వచ్చారు. ఆమె కాఫీ కలుపుకొచ్చేసరికి హాల్లో ఫ్యాను ఆగి ఉంది. ఆయన చెమటలు కక్కుతున్నారు.

"కరెంటు పోయిందా అంకుల్?"

"నేనే బంద్ చేసిన బిడ్డా. నువ్వు లోపలికి పోయినవ్ గదా, ఎవరి కోసం తిరగాలె?"

"మీరున్నారు కదా!"

"అరె, అవును గదా" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

ఓ సాయంత్రం చర్చిలో పాస్టరు గారు అందరినీ కళ్లు మూసుకుని ప్రార్థించమన్నారు. ఆమెన్ అని తెరిస్తే హాలంతా చీకటి. కళ్లు మూసుకున్నవాళ్లకు లైట్లెందుకని యోహాను గారి వాదన. ఆయన భార్య సుగుణ చాలా రోజులు చర్చిలో ఆయన పక్కన కూర్చోలేదు.

అలాంటి మనిషి ఇంట్లో రోజూ మధ్యాహ్నం రెండింటికి టీవీ మోగడం మొదలైంది. న్యూస్ ఛానల్ చర్చలో అందరూ ఒకేసారి అరుస్తుంటే మధ్య గోడ అదిరేది. పోనీ ఆయన చూస్తున్నారా అంటే, చెవుల్లో దూది పెట్టుకుని బాల్కనీలో కూర్చునేవారు. స్వాతికి బుర్ర తిరిగిపోయింది.

సరిగ్గా ఆ సమయానికే ఆమెకు ఆఫీసు కాల్. కాన్పు సెలవు అయిపోయి ఈమధ్యే ఇంటి నుంచి పని మొదలుపెట్టింది. కాల్స్ సరిగ్గా సాగకపోతే ఆఫీసుకి రావాల్సిందేనని మేనేజరు చెప్పేశాడు. చంటిపిల్ల రసజ్ఞ ఆ వేళకి హాయిగా నిద్రపోవడం తన అదృష్టమనీ, పక్కింటి టీవీయే తన పాలిట శని అనీ స్వాతి నమ్మకం.

ఒకరోజు వెళ్లి అడిగేసింది. "అంకుల్, రేపు చాలా ముఖ్యమైన మీటింగ్. ఆ టీవీ కొంచెం ఆపుతారా?"

"బంద్ చెయ్యాల్నా? నిజంగనేనా?"

స్విచ్చు కట్టేయమంటే వెనకాడే యోహాను గారిని చూడటం ఆమెకు అదే మొదటిసారి.

"అవునంకుల్, ప్లీజ్."

"సరే బిడ్డా. జర ఆలోచించుకో మల్ల" అన్నారాయన.

మర్నాడు రెండింటికి గోడ అవతల నిశ్శబ్దం. స్వాతి సంబరంగా మాట్లాడటం మొదలుపెట్టిందో లేదో, రసజ్ఞ గుక్కపట్టింది. ఊయల ఊపినా, ఎత్తుకున్నా ఆపదే! మీటింగ్ ఇంకోరోజు పెట్టుకుందామా అని మేనేజరు పళ్లు కొరుకుతూ అడుగుతున్నాడు. స్వాతికి ఏడుపొచ్చేసింది.

అంతలో గోడ అదిరింది. "మీరు ఆగండి! ముందు నన్ను మాట్లాడనివ్వండి!" అని టీవీలో ఎవరో గర్జించారు. రసజ్ఞ ఏడుపు ఆపి, నిట్టూర్చి, తల్లి భుజం మీదే నిద్రపోయింది.

మీటింగ్ గండం గట్టెక్కగానే స్వాతి పాపను అలాగే భుజాన వేసుకుని పక్కింటికి పరుగెత్తింది.

సుగుణ నవ్వుతూ తలుపు తీసింది. "ఒకనాడు నేను వార్తలు చూస్తుంటే మా ఆయన బంద్ చేసిండమ్మా. అవుతల పాప ఏడ్చింది. పెడితే ఊకుంది. మల్ల బంద్ చేసిండు, మల్ల ఏడ్చింది. గప్పటిసంది రోజూ ఇదే లొల్లి."

"నాకు చెప్పొచ్చు కదా అంకుల్?"

"చెప్తే మొహమాటపడి వద్దంటవు" అన్నారాయన, చెవిలో దూది తీస్తూ.

స్వాతి పాపను భుజం మార్చుకుని టీవీ వైపు తిరిగింది. అరుపులు వినిపిస్తున్నాయిగానీ తెర మాత్రం నల్లగా ఉంది.

"ఇదేంటి, చెడిపోయిందా?"

"మంచిగనే ఉంది. బొమ్మ బంద్ చేసిన. పాప గోడ అవుతల పండుకొని వింటది గాని, చూస్తదా? బొమ్మ ఎవరి కోసం?"

స్వాతి పకపకా నవ్వేసింది. యోహాను గారు కంగారుగా వేలు పెదవుల మీద పెట్టుకుని, హోరెత్తుతున్న టీవీ పక్కనుంచి అన్నారు:

"మెల్లగ నవ్వు బిడ్డా, పాప లేస్తది!"