మెల్లగా వాయించిన తప్పులు

…అని రాసి, నిన్న అక్కడే ఆపేశాను. ‘మా పియానో టీచర్ గారు పోయారు’ అన్న వాక్యం తర్వాత ఇంకో వాక్యం రాలేదు. ఆదివారం ప్రార్థన కూడికలో చదవడానికని, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళందర్నీ తలో పేజీ రాసిమ్మని టీచర్ గారి చెల్లెలు అడిగారట. నేను ఇవ్వలేను. వచ్చినవాళ్ళంతా వింటున్నారనుకుని రాసుకుంటున్నానంతే.

కబురు తెలిసిన రోజు పొద్దున్న అమ్మ ఇడ్లీలు పెడుతూ ఫోన్ చూసి, “అయ్యో, చర్చి వీధిలో పియానో నేర్పే ఆవిడ రాత్రి పోయారంటండీ. సాయంత్రం కూడా పాఠం చెప్పారంట పాపం” అంది.

“ఎవరావిడ?” అన్నారు నాన్న.

“నీ ట్యూషన్ ఆ పక్కనే కదే, ఎప్పుడైనా చూశావా?” అని అమ్మ నన్నడిగింది.

“లేదమ్మా” అన్నాను.

ఆ సాయంత్రం పాఠం చెప్పింది నాకే. ఇడ్లీ మొత్తం తిన్నాను. స్కూల్ వ్యాన్ ఆ వీధిలోంచి వెళ్తుంటే షామియానా కనిపించింది, దాని కింద వరసగా కుర్చీలు. దిగలేదు.

నాకు మ్యాథ్స్ ట్యూషన్ వారానికి నాలుగు రోజులే. ఇంట్లో ఆరు రోజులని చెప్పాను. ఏడాది పాటు ఆ రెండు సాయంత్రాలూ టీచర్ గారి దగ్గరే ఉన్నాను. ఏడో క్లాసులో మార్కులు తగ్గాయని నాన్న నా డ్రాయింగ్ పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేశారు. పియానో సంగతి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు.

టీచర్ గారు అందరికీ ఒకేలా నేర్పేవారు కాదు. మా వ్యాన్‌లో వచ్చే ఒకటో క్లాసు పాపని మొదటి నెలంతా పియానో మెట్లు ముట్టుకోనివ్వలేదు. పియానో పక్కచెక్కకి ఆ చిన్న అరచెయ్యి ఆనించి, తను వాయిస్తూ “ముందు చేత్తో వినమ్మా” అనేవారు. పాప కితకితలు పెట్టినట్టు నవ్వేది.

అరవై దాటిన మామ్మగారు ఒకరు వచ్చేవారు. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చేతులు. తాళం లెక్క తప్పినప్పుడల్లా విసుక్కునేవారు. “కుట్టు తప్పితే విప్పేస్తానండి. దీన్నెలా విప్పమంటారు?”

“విప్పలేం మామ్మగారూ. పక్క కుట్టు బాగా వెయ్యడమే.”

నా సంగతి వేరు. తప్పు వస్తుందనిపించిన చోటల్లా నేను చప్పుడు రాకుండా మెల్లగా నొక్కేదాన్ని. ఇంట్లో కూడా స్టడీ టేబుల్ అంచు మీదే ప్రాక్టీసు కదా, అదే అలవాటైంది. టీచర్ గారు నా మణికట్టు పట్టుకుని ఆపేవారు. “తప్పైనా సరే గట్టిగా వాయించు. వినపడని తప్పుని నేనెలా దిద్దనమ్మా?”

టీచర్ గారికో పద్ధతుండేది. ఒక్కొక్కరికీ ఒక నీలం అట్ట పుస్తకం. పాఠం అవగానే ఏ చెయ్యి ఎక్కడ తప్పిందో రాసిచ్చేవారు. మళ్ళీ వచ్చేలోపు దాని కింద ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. నా పుస్తకంలో నాన్న సంతకాలన్నీ నేనే పెట్టాను. ఒకరోజు టీచర్ గారు పేజీలు తిప్పి చూసి, “మీ నాన్నగారి సంతకం ప్రతిసారీ అచ్చు ఒకేలా ఉందేంటి? మనిషి చెయ్యి అలా ఉండదమ్మా” అన్నారు. ఆవిడ మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఆ రోజు పేజీలో మాత్రం ‘ఎడమ చెయ్యి: మూడో వేలు. కుడి చెయ్యి: భయం’ అని రాశారు.

చివరి రోజు వాన. తడిగాలికి మెట్లు బిగుసుకుపోకుండా వానాకాలమంతా పాఠం లేనప్పుడు పియానో లోపల, అడుగున ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. “వెళ్తూ వెళ్తూ బల్బు వెయ్యమ్మా” అన్నారు. వేశాను. ఆలస్యమైందని పుస్తకం తీసుకోకుండా పరిగెత్తాను. ఆ పేజీలో ఏం రాశారో నేనింకా చదవలేదు.

నిన్న వ్యాన్‌లో పాప నా చెవిలో చెప్పింది. “టీచర్ గారి చెల్లెలు అందరి బుక్సూ ఇళ్ళకి తెచ్చి ఇచ్చేస్తున్నారు అక్కా. నాది ఇచ్చేశారు. నీదీ తెస్తారంట.”

“మా ఇల్లు తెలీదుగా ఆవిడకి?”

“నేను చెప్పానుగా!” అంది, పెద్ద సాయం చేసినట్టు.

చెల్లెలు గారికి పియానో రాదు. ఈ ఊళ్ళో నేర్పేవాళ్ళు ఇంకెవరూ లేరు. పియానోని ఎవరికో ఇచ్చేస్తారంటున్నారు. ఆ పుస్తకం నాన్న చేతికొస్తే నాకు ఈ టేబుల్ అంచు కూడా మిగలదు. ఈ రోజు వ్యాన్‌లోంచి కిటికీ వైపు చూశాను. గదంతా చీకటిగా ఉంది. పియానో అడుగున ఆ సన్నటి పసుపు గీత లేదు. ఎవరో స్విచ్ ఆపేశారు. వాన ఇంకా పడుతూనే

తలుపు కొడుతున్నారు.

“అమ్మలూ, ఒకసారి తలుపు తియ్యి. ఎవరో ఆవిడ నీలం అట్ట పుస్తకం ఇచ్చి వెళ్ళారు. దీంట్లో నా సంతకాలున్నాయేంటి?”

నాన్న మెల్లగానే అడుగుతున్నారు. ఈ కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను, చప్పుడు రాకుండా