పరిగెత్తే అక్షరాలు

నేను రాజపాళయంలో బస్సులకు బోర్డులు రాసే రోజుల్లో, అరవ అక్షరమంటే నిటారుగా నిలబడాల్సిందే. నేనేమో అగ్గిపెట్టె లేబుల్ మీద లావుగా, గుండ్రంగా, ముందుకు వాలిన అచ్చు చూసి, సేత్తూరు ఊరికి పోయే బస్సుకు అట్లే రాసినాను.

"ఏమప్పా, తాగి రాసినావా?" అని ముదలాళి, అంటే ఆ బస్సు ఓనరు, మండిపడినాడు.

"ఒక్కరోజు తిప్పి చూడండి. బాగలేదంటే నా చేత్తోనే చెరిపేస్తా!" అని నేనూ అరిచినాను.

మర్నాడు స్టాండులో ఇద్దరం నిలబడి చూసినాం. సేత్తూరుకే పోయే వేరేవాళ్ళ బస్సు ముందు బయల్దేరతా ఉంది. దాని కండక్టర్ పిలిస్తే, చదువురాని సేత్తూరు అవ్వ ఒకామె ఎక్కలేదు.

"నువ్వు పో సామీ, నేను ఆ పరిగెత్తే బస్సులో వస్తా" అనింది.

మా బస్సు ఇంకా కదలనే లేదు.

ముదలాళి సాయంత్రం తన రెండో బస్సునూ తెచ్చి నా వాకిట్లో నిలిపినాడు.