ఆ ఒక్క వన్స్ మోర్

నవంబరు 12, 1989. పొద్దుట్నుంచీ ముసురు. సైకిలు గొలుసుకు నూనె పెట్టుకుని తెనాలిలో పద్యాల సభకు వెళ్ళాను.

పాడింది నేను చిన్నప్పటి నుంచీ ఆరాధించే నాటకాల గాయకుడు. ఆయనకు గురువు లేడు, విని విని నేర్చుకున్నారు. ఆ సంగతి తెలిసిన ధైర్యంతోనే బడికి పోని నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. జబ్బు చేసి చాలాకాలంగా పాడటం లేదు. ఈ రోజు బాగా పాడితే రేపల్లె వాళ్ళు తమ నాటకంలో వేషం ఇస్తామన్నారట.

మొదటి పద్యం అద్భుతంగా పాడారు. ఎప్పుడూ నోరు విప్పని నేను ఆనందం పట్టలేక లేచి "వన్స్ మోర్!" అని అరిచాను. జనం అందుకున్నారు. జనం అడిగాక పాడకపోవడం ఆయనకు తెలియదు. మళ్ళీ ఎత్తుకున్నారు. చివరి రాగం తీస్తుండగా గొంతు పూర్తిగా పోయింది. వెనక ఎవరో నవ్వారు.

తెర వెనక్కి వెళ్ళి దణ్ణం పెట్టాను.

"వన్స్ మోర్ అడిగింది నేనేనండి."

"నువ్వా బాబూ? ఉన్నదంతా మొదటిసారే పాడేశాను గదయ్యా. రెండోసారికి ఏం మిగల్చలేదు."

ఆ బొంగురు గొంతులో కోపం లేదు. హార్మోనియం వాయించే ఆయన వైపు తిరిగి, "రేపల్లె వాళ్ళని ఇంకెవర్నన్నా చూసుకోమని చెప్పు" అన్నారు.

ఇన్నేళ్ళూ సభల్లో నోరు మూసుకుని కూర్చున్నవాణ్ణి. ఈ ఒక్క రోజూ అలాగే కూర్చోవలసింది. ఆయన అంత బాగా పాడాక మీరైతే ఊరుకోగలిగేవారా? ఇంటికొచ్చి జమాఖర్చులు రాయడానికి కూర్చున్నాను గానీ, ఆ పేజీలో ఇదే రాశాను.