సగంలో ఆగిన మౌనం

ఈ రోజు సాయంత్రం కదిరిలో మా ప్రొఫెసర్ గారి సంతాపసభ జరిగింది. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చెబుతూ, సెలవులొస్తే ఈ కరువు పల్లెల్లో మనుషుల దుఃఖం వింటూ తిరిగిన మనిషి ఆయన. ఆయన విదేశాల్లో చదివిన చదువు గురించి, రాసిన పుస్తకాల గురించి పెద్దలు మాట్లాడారు. తర్వాత కార్యదర్శి అందరినీ లేపి, చేతి గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు.

తలలు దించుకుని నిలబడ్డాం. అంతలో వెనక నుంచి ఓ ముసలామె, "నా సారూ, యాడికి పోతివయ్యా" అని రాగం తీసి ఏడవసాగింది. కార్యదర్శి గబగబా వెళ్ళి, "అవ్వా, ఈడ ఏడవకూడదు, ఊరుకో" అన్నాడు.

"పదేండ్ల కింద, గంజి కేంద్రాలు పెట్టిన కరువులో నా బిడ్డ సచ్చిపోతే, అందరూ నన్ను ఊరుకోమన్నోళ్ళే. ఈ సారొక్కడే నా పక్కన కూసోని, ఆయమ్మను ఏడవనీండప్పా అని చెప్పినాడు. ఆ సారు పోతే నేను ఏడవకుంటే ఎట్లప్పా" అందామె.

అప్పటిదాకా కంట తడి లేకుండా, వచ్చినవాళ్ళకు కుర్చీలు చూపిస్తూ తిరిగిన సారు భార్య వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చుంది. కాసేపటికి ఇద్దరి ఏడుపూ కలిసిపోయింది. మేమూ ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చుండిపోయాం.

మౌనం సగంలోనే ఆగిందని, మళ్ళీ లేచి నిలబడమన్నాడు కార్యదర్శి. సారు దగ్గర చదువుకున్నవాళ్ళం ముందు వరస నిండా ఉన్నాం. ఒక్కరమూ లేవలేదు. మీరైతే లేచేవారా?