అర్థం లేని పన్నెండు ముక్కలు

నారాయణగూడలోని ఆ ఆడపిల్లల కాలేజీలో బుగ్గమ్మ ఆయా. సైకాలజీ గది ఊడవడం, కుండలో నీళ్లు నింపడం, లెక్చరర్లకు టీ తేవడం, సాయంత్రం తాళం వేయడం ఆమె పని. ఇవన్నీ జీతానికి చేసే పనులు. అసలు చాకిరీ ఆ తర్వాత మొదలయ్యేది.

ప్రాక్టికల్స్‌లో ప్రతి విద్యార్థినీ ఎవరో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రయోగం చెయ్యాలి. ఆ కూర్చునే మనిషిని సబ్జెక్టు అంటారు. ఇంట్లోవాళ్లనో పక్కింటావిడనో వెంటబెట్టుకు రావాలని నియమం. అలా తెచ్చుకునే బుద్ధిమంతులు ఏటా నలుగురో అయిదుగురో. మిగతా అందరికీ బుగ్గమ్మే దిక్కు. పదకొండేళ్లలో ఆమె చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించారు. చెవి దగ్గర గడియారం పెట్టి వినిపిస్తోందా అన్నారు. అర్థం లేని పన్నెండు ముక్కలు చదివి అప్పజెప్పమన్నారు. గప్, లిక్, మొస్, దెఫ్... ఇన్ని అడిగిన పిల్లల్లో కాళ్లు నొస్తున్నాయా అని అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు.

ఆ పన్నెండు ముక్కలు ఏనాడూ మారలేదు. లెక్చరర్ వేదవతి గుంటూరు నుంచి వచ్చి చేరిన కొత్తలో వాటిని స్టెన్సిల్ మీద టైపు కొట్టించి కట్టలు కట్టలుగా తీయించింది. బీరువాలో కాగితాలు ఉండగా కొత్తవి తయారుచేసే ఓపిక ఆవిడకూ లేకపోయింది.

ఈ మధ్య బుగ్గమ్మకు మతిమరుపు పట్టుకుంది. చిక్కడపల్లిలో తన ఒంటిగదిలో రెండుసార్లు అన్నం మాడబెట్టింది. పొద్దున చెప్పిన మాట మధ్యాహ్నానికి నిలవడం లేదు. కాలేజీ గదికి తాళం వేయకుండానే రెండుసార్లు ఇంటికి వెళ్లిపోయింది. రెండోసారి వేదవతి పిలిచి, ఇంకోసారి ఇలా జరిగితే ప్రిన్సిపాల్ గారికి రాయక తప్పదని చెప్పింది. బుగ్గమ్మకు మొగుడూ లేడు, పిల్లలూ లేరు. ఉద్యోగం పోతే గది పోతుంది. ఆ పైన ఏమిటన్నది ఆలోచించడానికి ఆమెకు భయం.

అరవై తొమ్మిది మొదట్లో తెలంగాణ ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. పిల్లలకు సెలవు గానీ ఆయాలకు లేదు. బుగ్గమ్మ నెలల తరబడి ఎవరూ కూర్చోని బెంచీలు తుడిచి, వరండాలో గోడకు జారగిలబడి, పొద్దు గుంకితే ఇంటికి పోయేది. పనిలేని అలసట పని ఉన్న అలసట కంటే పాడుది.

డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలు ఎవరి పరిశోధన వాళ్లు చేసి అందరి ముందూ చదవాలన్నది అక్కడి పద్ధతి. అశోక్‌నగర్ నుంచి వచ్చే నళిని, కాలేజీ మూతపడక ముందు బుగ్గమ్మకు ఆ పన్నెండు ముక్కలూ ఒక్కసారి చదివి వినిపించింది. డిసెంబరులో కాలేజీ తెరిచాక, ఏమైనా గుర్తున్నాయా అని అడిగింది. బుగ్గమ్మ ఊపిరి తీసుకోకుండా పన్నెండూ అప్పజెప్పింది. నళిని కుర్చీలోంచి లేచి నిలబడింది.

"చదువు రానోళ్ల యాది ఎంత గట్టిదో నీతోనే రుజువైతది బుగ్గమ్మా. నీ పేరు గుడ అందరి ముంగట చదువుత."

బుగ్గమ్మకు చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది. అందరి ముందూ అంటే వేదవతి ముందు కూడా. ఇంత జ్ఞాపకం ఉన్న మనిషిని మతిమరుపు మనిషని ఎవరు తీసేస్తారు?

పరిశోధనలు చదివే రోజున నళిని ఇంగ్లీషులో చదువుతుంటే బుగ్గమ్మ టీ కెటిల్‌తో వెనక నిలబడింది. అర్థమైంది తన పేరు ఒక్కటే. పేరు వినబడగానే వేదవతి తలతిప్పి ఆశ్చర్యంగా చూసింది. ఆ చూపు చాలనుకుంది బుగ్గమ్మ.

యూనివర్సిటీ నుంచి పరీక్షకుడిగా వచ్చిన సూర్యప్రకాశరావు గారు అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ ముక్కలు అంతకుముందు ఎన్నిసార్లు వినిపించారని అడిగితే, ఒక్కసారేనని నళిని చెప్పింది. ఆయన బుగ్గమ్మ వైపు తిరిగి అదే ప్రశ్న తెలుగులో అడిగారు.

ఒక్కసారే అంటే సరిపోయేది. పిల్లకు మార్కులు, తనకు ఉద్యోగం. కానీ ఆడిన అబద్ధాన్ని రేపు కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆ శక్తి బుగ్గమ్మలో లేదు.

"పదకొండేండ్ల సంది వింటున్న సారూ. ఏడాదికి ఇరవై మంది పిల్లలు సదువుతరు. గవి నోటికొచ్చినయి." కెటిల్ బల్ల మీద పెట్టింది. "కొత్తయి అడుగకుండ్రి. కొత్తయి నిలుస్తలేవు. పొద్దుగాల ఏం తిన్ననో గుడ యాదికొస్తలేదు."

నళిని ముఖం ఎర్రబడింది. వేదవతి లేచి నిలబడింది.

"తప్పు నాదండీ. పదకొండేళ్లుగా అదే కాగితం ఇస్తున్నాను. ఈవిడ ఎన్నిసార్లు విని ఉంటుందో నేనే ఆలోచించలేదు."

తప్పు ఎవరిదైనా నళినికి పాసు మార్కులే వచ్చాయి. ఆ పిల్ల కాగితాలు సర్దుకుని బుగ్గమ్మ వైపు చూడకుండా వెళ్లిపోయింది. అది బుగ్గమ్మను బాగా నొప్పించింది. అందరూ వెళ్లాక వేదవతి బుగ్గమ్మ దగ్గరికి వచ్చి, ఈ ఏడాదికి ప్రిన్సిపాల్ గారికి ఏమీ రాయనని చెప్పింది. వచ్చే ఏడాది సంగతి ఆవిడ చెప్పలేదు, బుగ్గమ్మ అడగలేదు.

బుగ్గమ్మ వరండా మెట్ల మీద చతికిలబడితే, గేటు దాకా పోయిన నళిని వెనక్కి వచ్చింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ముఖంలో కనబడుతూనే ఉంది. అయినా పక్కన కూర్చుంది. చేతిలో కాగితం లేదు, పెన్సిలూ లేదు.

"ఎప్పటి సంది ఇట్లయితున్నది బుగ్గమ్మా?"

పదకొండేళ్లలో ఏ ప్రశ్నకూ బుగ్గమ్మ అంతసేపు ఆలోచించలేదు. నళిని తొందరపెట్టకుండా కూర్చుంది.

"ఏమో బిడ్డా," అంది చివరికి, "యాదికి లేదు."