అత్తగారు అలికిన మేస్త్రీల ఇల్లు

ఇవాళ పొద్దున్న పెరట్లో కుళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు. నీళ్ళు కారి గచ్చు పక్కన మట్టంతా బురదైంది. విసుక్కుంటూ పార పట్టుకుని వెళ్ళబోతే మా మనవరాలు కొంగు పట్టుకుని ఆపింది. "రుకో అమ్మమ్మా, మిస్త్రీ ఆయా హై" అంది, ఆగు, మేస్త్రీ వచ్చాడని. నిజమే. గోరంత నల్లటి ఈగ ఒకటి బురదలో తల దూర్చి, చిన్న ఉండ చేసుకుని, గోడకు వేలాడే వెదురు గొట్టాల వైపు ఎగిరిపోయింది. పార గోడకి ఆనించి నేనూ నిలబడ్డాను. ఆ మేస్త్రీల పనికి ఈ ఇంట్లో ఎవరమూ అడ్డుపడం. దానికో కథ ఉంది.

మాది టాటానగర్ పక్కన పర్సుడీహ్. మా ఆయన టాటానగర్‌లో రైలుపెట్టెలు బాగుచేసే పనిలో చేరి అక్కడే రిటైరయ్యారు. రిటైరైన మగవాడున్న ఇంట్లో సామానుకి నిలకడ ఉండదు. అటక మీదవి దింపారు, దింపినవి మళ్ళీ ఎక్కించారు, బాగా నడుస్తున్న గడియారం విప్పారు, చివరికి నా కాకరపాదు మీద పడ్డారు. ఆ ఏడు పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. పూల మీద తేనెటీగలు వాలకే ఈ తంటా అని ఫోన్లో చూసి తేల్చి, ఈగల్ని పెంచుదామన్నారు. తేనెపట్టు ఇంట్లో పెడితే నేను పుట్టింటికి పోతానన్నాను. ఇవి ఆ రకం కాదట. గుంపు కట్టవు, తేనె ఇవ్వవు, ఊరికే కుట్టవు. గొట్టంలాంటిది కనిపిస్తే చేరి, పుప్పొడి ముద్ద మీద గుడ్డు పెట్టి, మట్టితో గోడ కట్టి, అలా గది పక్కన గది కట్టుకుంటూ వచ్చి, చివర్న తలుపు మూసేసి పోతాయట. తేనె ఇవ్వని తేనెటీగని పెంచడమేమిటని పక్కింటివాళ్ళు చాన్నాళ్ళు నవ్వుకున్నారు.

సాక్చి బజారు నుంచి వెదురు తెచ్చి, ఒక వైపు కణుపు మూసి ఉండేలా కోసి, పాత చెక్కపెట్టెలో పేర్చారు. అంతవరకూ బాగానే ఉంది. కానీ రైల్వేలో పనిచేసినవాళ్ళకొక జబ్బుంది, చేతికందినదానికి రంగు వెయ్యందే వదలరు. వెండిరంగు రెండు పూతలు వేశారు. పెట్టె తళతళలాడింది. ఆ వాసనకి ఈగ కాదు, బల్లి కూడా దగ్గరికి రాలేదు. ఆ ఏడంతా అలా పోయింది. మరుసటేడు ఉత్త వెదురు పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు, అదే ఆయనకి కష్టమైన పని. వానలు పడ్డాక మేస్త్రీలు దిగాయి.

ఆ పేరు పెట్టింది మా అత్తగారు. శ్రీకాకుళం వైపు నుంచి కాపురానికొచ్చి ఇక్కడే ముసలిదైన మనిషి. హిందీ రాదని ఇప్పటికీ అంటుంది, కూరగాయల బండివాడితో మాత్రం గంటలు గంటలు బేరమాడుతుంది. మట్టిగూడు కట్టే పురుగు ఇంట్లో చేరితే ఆ ఇంట్లో పురుడొస్తుందని ఆవిడ నమ్మకం. అప్పటికి మా అమ్మాయి ఊళ్ళోనే అగ్రికోలో ఉన్న తన క్వార్టర్ నుంచి మా ఇంటికొచ్చి మంచం మీద ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి డాక్టరు కదలొద్దంది. మూసుకున్న ప్రతి గొట్టం గురించీ అత్తగారు మురిసిపోతూ మా అమ్మాయికి చెప్పేది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు ఈ ఊళ్ళో కడగని యంత్రం, బొట్టు పెట్టని పనిముట్టు ఉండదు. మా ఆయన రెంచీలు, స్కూటరు కడిగి పూలు పెడుతుంటే, నేను వంటింట్లో ఉంటే, అత్తగారు తన పని తాను చేసింది. మేస్త్రీల పండగ నాడు మేస్త్రీల ఇల్లు గరుగ్గరుగ్గా ఉండటమేమిటని, ఎర్రమట్టీ పేడా కలిపి ఆ గొట్టాల మొహమంతా వేలి మందాన నున్నగా అలికేసింది. పైన ముగ్గు, నడుమ కుంకుమబొట్టు. మమ్మల్ని పిలిచి చూపించింది.

మా ఆయన మొహం చూసి ఆవిడకి అర్థమైంది. అలుకు గీకితే లోపలి మట్టి తలుపులు ఊడొస్తాయి, వదిలేస్తే లోపలి పిల్ల ఈగలు బయటికొస్తాయో రావో తెలీదు. వదిలేద్దామనే అనుకున్నాం. ఆ సాయంత్రం అత్తగారు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. "కడుపుతో ఉన్న పిల్లని ఇంట్లో ఎట్టుకుని గూడు పూడ్సీసినానే" అంది నాతో, చాలా మెల్లగా. అమ్మాయి మంచం మీంచే "కుఛ్ నహీ హోగా మామ్మా, ఏమీ కాదు" అంది గానీ, రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

చలికాలమంతా ఆవిడ పెరటి వైపు వీపు పెట్టి కూర్చుంది. ఇలాంటివి నేను నమ్మనని అందరికీ చెప్పేదాన్ని. బట్టలు ఆరేసేటప్పుడు మాత్రం ఆ గోడ వైపు చూసేదాన్ని కాదు.

మునగ పూత మీదుండగా ఒక పొద్దున్న అత్తగారే నన్ను పిలిచింది. అలుకులో, బొట్టుకి కాస్త పక్కగా, శనగగింజంత గుండ్రటి కన్నం. అందులో బూజుపట్టినట్టున్న చిన్న తల. కాసేపు అలాగే ఉండి, లోకం చూసుకుని, ఒక్క ఉదుటున బయటపడి మునగచెట్టు మీదికి పోయింది. వెనకాలే ఇంకోటి. "ఒలే, తలుపు తీసుకున్నాయే" అంది అత్తగారు. గోడకి ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, అంత భయం మోస్తున్నానని నాకప్పటిదాకా తెలీలేదు. ఆ పూట ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుని తింది.

హోలీ వెళ్ళాక మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. ఈగల వల్లేనని నేననను. అత్తగారి ముందు కాదనీ అనను.

కన్నాలు పడ్డ ఆ అలుకు పలకని మా ఆయన ఊడదీసి దాచారు. దాని మీద అత్తగారి వేళ్ళ చారలు ఇంకా తెలుస్తాయి. ఆవిడ ఇప్పటికీ పొయ్యిగట్టు అలుకుతుంది, కాకపోతే ముందు వంగి, "లోపలెవులైనా ఉన్నారేటి?" అని అడిగి మరీ చెయ్యి పెడుతుంది. ఆ చలికాలం మేమంతా ఆగిపోయి కూర్చున్నాం గానీ, ఆ చీకటి గదుల్లో కాలం మాత్రం తీరిగ్గా రెక్కలు అల్లుకుంటూనే ఉంది.