నేల నుంచి లేవడం

1971 వానాకాలంలో, కంఠేశ్వర్‌లో నేను అద్దెకున్న ఇంటి వరండాకు పొద్దున్నే వ్యాయామానికి వచ్చేవారు ఏడుగురు. అందరూ అరవై దాటినవారే. నేను బడిలో డ్రిల్లు మాస్టరును. పిల్లలకు నేర్పే దండీలు, బస్కీలు ఈ వయసుకు పనికిరావని అప్పటికే గ్రహించాను. వీరికి కావలసింది కండ కాదు. నేల మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగి లేవగలగడం. భోజనం నేల మీద, పూజ నేల మీద, పదిమందితో మాటా నేల మీదే. లేవలేని మనిషి ఆ పదిమందిలోంచి మెల్లగా తప్పుకుంటాడు.

నా పద్ధతిలో చూడడానికి ఏమీ ఉండదు. జంపఖానా మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, ఊపిరి పూర్తిగా వదులుతూ బొడ్డును వెన్నువైపు లాక్కోమంటాను. నడుము కింద రెండు వేళ్లు పెట్టి చూస్తాను. నడుము వేళ్లను తాకితే సరి. నొక్కితే ఎక్కువ చేస్తున్నట్టు. అది కుదిరాకనే పక్కకు దొర్లడం, తర్వాత మోకాళ్ల మీదికి రావడం, చివరకు లేవడం. ఒకటి కుదరనిదే రెండోదానికి పోనివ్వను. దీనివల్ల నా దగ్గర ఎవరూ దెబ్బ తినలేదు. కానీ దెబ్బ తినని మనిషిని చూపించి కొత్తవారిని రప్పించుకోవడం సాధ్యం కాదు.

ఆషాఢంలో రుద్రూర్ వైపు చెరుకు రైతు ఒకాయన చేరాడు. కంఠేశ్వర్‌లోనే చిన్న కొడుకు ఇంట్లో దిగాడు. మొదటి రోజు పడుకోమంటే నాలుగు దిక్కులూ చూశాడు.

"ఉత్తరం దిక్కు తల పెట్టిస్తలేరు గద సారూ? గా పని జేసెటందుకు మావోళ్లున్నరు. మీకెందుకు తిప్పల?"

వరండా అంతా నవ్వింది. నవ్వు ఆగాక తాను వచ్చిన పని చెప్పాడు. వాళ్ల ఇంట్లో కోత మొదలైన రోజు తొలి చెరుకును ఇంటి పెద్దే నరకాలి. తీపంతా గడ మొదట్లో, నేల దగ్గర ఉంటుంది కనుక నిలబడి నరికితే చెల్లదు. గొంతుక్కూర్చుని, కత్తిని భూమికి ఆనించి నరకాలి. కిందటేడు కూర్చుని నరికాడు గాని లేవలేకపోయాడు. కూలీలు చంకల కింద చేతులు వేసి లేపారు.

"కొడుకుల ముంగట, కోడండ్ల ముంగట గోనెసంచి లేపినట్టు లేపిండ్రు. ఈయేడు నేనే నరుకుత, నేనే లేస్త. గంతే సారూ."

దసరా నాటికి ఆయన పక్కకు దొర్లి మోకాళ్ల మీదికి రాగలిగాడు. లేవబోతే మాత్రం ఎడమ తుంటి వణికేది. మాఘమాసానికి లేస్తాడని నా లెక్క. వాళ్ల పొలానికి చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చే కోత వంతు ఏటా మాఘంలోనే వచ్చేది.

ఆ ఏడు కార్తీకంలోనే వచ్చింది. కోత తేదీ వేసిన ఫ్యాక్టరీ చిట్టి పట్టుకుని పెద్ద కొడుకు నేరుగా వరండాకే వచ్చాడు.

"సారూ, పది దినాలల్ల బాపును లేపుతరా?"

"లేపలేను. మాఘం దాంక టైం గావాలె."

"చెరుకు ఆగుతదా? ఎన్నడొచ్చి చూసినా పండుకునుడే ఉన్నది మీకాడ. ఇంట్ల పండుకునెటోన్ని తోల్కొచ్చి ఈడ పండవెడుతున్నం."

బస్టాండు దగ్గర కొత్తగా వ్యాయామశాల తెరిచారు. గోడల నిండా అద్దాలు, ఇనుప గుండ్లు. బొంబాయి నుంచి తెచ్చిన ఒక యంత్రం. నడుముకు వెడల్పాటి పట్టీ తగిలించి మీట నొక్కితే మోటారు మనిషిని గడగడా ఊపుతుంది. నా ఏడుగురిలో నలుగురు అప్పటికే అక్కడికి మారారు. కొడుకు మనసులో ఉన్నదీ అదే.

"ఆ నడుముకు గంత ఊపు పడది," అన్నాను.

"మీ గిరాకి పోతదని అంటున్రు సారూ."

పెద్దాయన నా ముఖమూ, కొడుకు ముఖమూ చూసి, జంపఖానా మీద నుంచి గోడ పట్టుకుని లేచాడు.

"పోయొస్త సారూ. తేది పడ్డది గద," అన్నాడు.

వారం తిరగకముందే, ఆ యంత్రం పట్టీ విప్పిన తరువాత ఆయన కాలు కదపలేకపోయాడని తెలిసింది. డాక్టరు మంచం దిగవద్దన్నాడు.

కోత నాడు రమ్మని ఆయనే కబురు పెట్టాడు. బస్సు దిగి గట్టు వెంట నడిచి వెళ్లేసరికి ఎడ్లబండిలో వరిగడ్డి పరిచి ఆయనను పడుకోబెట్టి ఉన్నారు. తలపాగా మాత్రం కొత్తది. పెద్ద కొడుకు కొబ్బరికాయ కొట్టి, నడుము కాస్త వంచి, నిలబడే తొలి చెరుకు నరికాడు. జానెడు మోడు భూమిలో మిగిలింది.

"కూసో బిడ్డా, కూసోని నరుకు!" అని బండిలోంచి అరిచాడు పెద్దాయన. తల ఎత్తబోయి, ఎత్తలేకపోయాడు.

"ఏదైతేంది బాపూ, లారీ వచ్చె యాళ్లయింది," అంటూ కొడుకు ఆ గడను తెచ్చి ఆయన పక్కన పెట్టాడు. ఆయన తెగిన చివరను వేలితో తడిమి, గడను గడ్డి మీదికి జరిపాడు. నావైపు తిరగాలనుకున్నాడు, కళ్లు మాత్రమే తిరిగాయి.

"సారూ, ఒచ్చే యేటికన్న అయితదా?"

ఇన్నేళ్లలో ఏ శిష్యుడికీ కాని పనిని అవుతుందని చెప్పలేదు. అక్కడ చెప్పాలనిపించింది. నడుము కింద వేళ్లు పెట్టి చూశాను, ఊపిరి వదలమన్నాను. ఆయన నేర్చుకున్నట్టే, తొందర లేకుండా, చివరిదాకా వదిలాడు. నడుము నా వేళ్లను తాకలేదు.

"కాదు పటేలా."

ఆయన అడిగాడు: "మరి పక్కకు మర్లుడన్న?"

"చూద్దాం," అన్నాను.

కూలీలు వరుసగా గొంతుక్కూర్చుని నరకడం మొదలుపెట్టారు. బండి అడ్డంగా ఉందని ఎవరో కేక వేస్తే, కొడుకు వచ్చి ఎడ్లను ఇంటివైపు మళ్లించాడు.